చీపురుపుల్ల పట్టేంత చిల్లు

జర్మనీలోని మాగ్డెబర్గ్ పట్టణానికి మేయరుగా పనిచేసిన ఓటో ఫాన్ గెరికెకు ఒక పట్టుదల ఉండేది. ప్రకృతిలో శూన్యం అనేది ఉండనే ఉండదని పండితులు వాదిస్తున్న 17వ శతాబ్దంలో, దాన్ని తన చేత్తో చేసి చూపించాలనుకున్నాడు. ఒక చెక్క పీపాను నీళ్లతో నింపి, సందులన్నీ మూసి, పంపు బిగించి నీళ్లను బయటికి లాగించాడు. నీళ్లయితే వచ్చాయి గాని పీపాలో శూన్యం మిగల్లేదు. పీపా ఒళ్లంతా నీళ్లు మరుగుతున్నట్టు చప్పుడు మొదలైంది. కంటికి ఆనని చెక్క రంధ్రాల్లోంచి బయటి గాలి లోపలికి దూరుతున్న చప్పుడది. ఆ పీపాను ఇంకో పెద్ద పీపాలో పెట్టి చూశాడు, అదీ నిలవలేదు. చివరికి చెక్కను వదిలేసి రాగి గోళాల దగ్గరికి వచ్చాకే ఆయన పంతం నెగ్గింది.

శూన్యాన్ని పుట్టించడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఇంకో ఎత్తు. ఆ పీపా దగ్గర వినపడిన చప్పుడు మూడున్నర శతాబ్దాలు దాటినా మనల్ని వదల్లేదు. 1980ల నాటి సాబ్ 900 టర్బో లాంటి కారును స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి వినండి. రబ్బరు గొట్టాలు ముదిరిపోయిన బండి అయితే ఇంజిన్ మోత అడుగున సన్నగా, ఎడతెగకుండా ఒక బుస వినిపిస్తుంది. ఆ బండి లక్షణాలు కూడా తెలిసినవే. ఐడ్లింగ్ నిలకడగా ఉండదు, ఆర్‌పీఎమ్ ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ కూడా ఆగిపోతుంది. బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఎక్కుడు దారిలో టర్బో అందుకోవాల్సిన చోట అందుకోదు. స్పార్క్ ప్లగ్గులు మారుస్తారు, పెట్రోలు పంపు మారుస్తారు, డబ్బు పోతుంది, జబ్బు పోదు. అసలు కారణం తరచుగా చీపురుపుల్ల పట్టేంత చిల్లు. అది ఎక్కడుందో తెలియాలంటే ముందు ఆ ఇంజిన్లో గాలి నడిచే దారి తెలియాలి.

ఇంజిన్ లోపలి శూన్యం

పెట్రోలు ఇంజిన్లో పిస్టన్ కిందికి దిగేటప్పుడు గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి దారిలో థ్రాటిల్ అనే ఒక చిన్న తలుపు ఉంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఆ తలుపు దాదాపు మూసుకునే ఉంటుంది. పిస్టన్లు లాగుతూనే ఉంటాయి, తలుపు ఇవ్వనంటుంది. ఈ పెనుగులాటలో తలుపుకూ సిలిండర్లకూ మధ్య ఉన్న ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒత్తిడి పడిపోతుంది. బయట వాతావరణ పీడనం 101 కిలోపాస్కల్స్ ఉంటే, ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ లోపల సుమారు 30 నుంచి 44 మధ్య ఉంటుంది. మెకానిక్కుల వ్యాక్యూమ్ గేజి బయటికీ లోపలికీ ఉన్న ఈ తేడానే పాదరసం అంగుళాల్లో చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌కు సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాలు.

ఈ శూన్యాన్ని కార్ల తయారీదారులు వృథా పోనివ్వలేదు. కాలి నొక్కుడును పెంచే బ్రేక్ బూస్టర్‌కు, డిస్ట్రిబ్యూటర్‌లో నిప్పురవ్వ పడే వేళను సర్దే డయాఫ్రమ్‌కు, పెట్రోలు ప్రెషర్‌ను సరిచేసే భాగానికి, డాష్‌బోర్డు మీది బూస్ట్ గేజికి, అన్నింటికీ మానిఫోల్డ్ నుంచే సన్నని గొట్టాలు వెళతాయి. ఒక్కో గొట్టానికి రెండు కొసలు, ఒక్కో కొసకు ఒక క్లిప్పు. వయసు మళ్లిన కారులో ఇవన్నీ లీకు పుట్టగల చోట్లే.

పొగతో తిరిగే చక్రం

కొలిమిలో తిత్తి ఊదితే నిప్పు భగ్గుమంటుంది. ఇంజిన్‌కు కూడా ఎక్కువ గాలి కూరితే ఎక్కువ పెట్రోలు మండుతుంది, బలం పెరుగుతుంది. కానీ తిత్తిని ఊదేదెవరు? స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి దీనికి 1905లో జవాబు చెప్పి పేటెంటు తీసుకున్నాడు. ఇంజిన్ వదిలే వేడి పొగలో బోలెడు శక్తి ఊరికే పోతోంది. ఆ పొగ దారిలో ఒక చక్రం పెట్టి, అదే ఇరుసు రెండో కొసకు గాలిని నొక్కే చక్రం బిగిస్తే సరి. ఇదే టర్బో. ఆలోచన తేలికే అయినా ఆ వేడికీ ఆ వేగానికీ తట్టుకునే లోహాలు దొరకడానికి కాలం పట్టింది. 1920ల్లో జర్మనీ ఓడలు ప్రాయిసెన్, హాన్జెస్టాడ్ డాన్జిగ్‌లలోని డీజిల్ ఇంజిన్ల బలం ఆయన పద్ధతి వల్ల 1,750 హార్స్‌పవర్ నుంచి 2,500కు చేరింది.

విమానాలకు ఈ యంత్రం మరో రకంగా అక్కరకొచ్చింది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ నీరసిస్తుంది. అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ 1918లో ఒక లిబర్టీ విమాన ఇంజిన్‌ను లారీ మీద ఎక్కించి, సుమారు 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరం మీదికి చేర్చాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజిన్ శిఖరం మీద 230కి పడిపోయింది. టర్బో తగిలించాక మళ్లీ 356 ఇచ్చింది.

మామూలు కార్లలోకి రావడానికి మాత్రం టర్బో చాలా తడబడింది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ వచ్చింది. దానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవం విడిగా పోస్తూ ఉండాలి. మరుసటి ఏడాదితోనే ఆగిపోయింది. 1973లో బీఎమ్‌డబ్ల్యూ 2002 టర్బో వచ్చేసరికి ప్రపంచానికి చమురు కరువు ఎదురైంది. టర్బోను రోజూ ఆఫీసుకు వెళ్లే కారులో కుదురుగా కూర్చోబెట్టిన ఘనత స్వీడన్‌కు చెందిన సాబ్‌ది. 1937లో విమానాల తయారీకి పుట్టిన సంస్థ అది. పేర్ గిల్‌బ్రాండ్ వంటి ఇంజినీర్లు పెద్ద టర్బో పెట్టి పందెం వేగం కోసం పరుగెత్తలేదు. చిన్న టర్బో పెట్టి, మామూలు వేగంలోనే బలం అందేలా చూసి, ఒత్తిడి హద్దు దాటితే పొగను పక్కదారి పట్టించే వేస్ట్‌గేట్‌తో దాన్ని అదుపులో ఉంచారు. 1977లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో సాబ్ 99 టర్బోను చూపించారు. టర్బో లేకుండా 118 హార్స్‌పవర్ ఇచ్చే 1,985 సీసీ ఇంజిన్ దానితో 145 ఇచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన సాబ్ 900 ఈ ఇంజిన్‌ను దేశదేశాలకూ మోసుకెళ్లింది.

తక్కెడ, దొడ్డిదారి

తొలి సాబ్ టర్బోల్లో పెట్రోలు కొలిచేది బాష్ కంపెనీ 1973లో తెచ్చిన కె-జెట్రానిక్. ఈ ఏర్పాటు చూస్తే నాకు కిరాణా కొట్టు తక్కెడ గుర్తొస్తుంది. ఎయిర్ ఫిల్టర్ దాటాక గరాటు లాంటి దారిలో ఒక గుండ్రటి లోహపు పళ్లెం ఉంటుంది. లోపలికి వెళ్లే గాలి ఆ పళ్లేన్ని లేపుతుంది. పళ్లెం ఒక కమ్మికి తగిలించి ఉంటుంది. ఆ కమ్మి ఒక సన్నని లోహపు కడ్డీని పైకి నెట్టి, పళ్లెం ఎంత లేచిందో దానికి తగ్గట్టు పెట్రోలు దారి తెరుస్తుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. ఇటు గాలి, అటు పెట్రోలు, మధ్యలో తూకం.

అయితే ఈ తక్కెడ తన మీదుగా వెళ్లిన గాలినే తూచగలదు. తక్కెడ దాటాక ఎక్కడైనా చిల్లు పడితే దొడ్డిదారిన వచ్చే గాలికి లెక్క ఉండదు, పెట్రోలు కేటాయింపూ ఉండదు. ఆ చిల్లు 3 మిల్లీమీటర్లదే అనుకుందాం. లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడిలో సగానికి తగ్గితే, చిల్లులో దూరే గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. మనకు వినపడే బుస దానిదే. లెక్క కడితే సెకనుకు ఒక గ్రాముకు కాస్త పైగా గాలి అలా దూరుతుంది. రెండు లీటర్ల ఇంజిన్ ఐడ్లింగ్‌లో సెకనుకు పీల్చేది 4 గ్రాముల అటూ ఇటూ. అంటే పావు వంతుకు పైగా గాలి తూకం లేకుండా వచ్చిపడింది. 14.7 ఉండాల్సిన పాళ్లు 18 దాటుతాయి. అంత పలచని మిశ్రమం ఒకసారి అంటుకుంటుంది, ఒకసారి అంటుకోదు. ఐడ్లింగ్ ఊగిసలాడేది అందుకే.

అదే కారు పూర్తి బలంతో పరుగెడుతున్నప్పుడు ఇంజిన్ సెకనుకు 100 గ్రాములకు పైగా గాలి మింగుతుంది. అప్పుడు ఈ 3 మిల్లీమీటర్ల చిల్లు నూటికి రెండు పాళ్ల తేడా కూడా చూపించలేదు. నిలబడితే తడబడి, పరుగెడితే సర్దుకునే ఇంజిన్‌ను చూసినప్పుడు మొదట అనుమానించాల్సింది గాలి లీకునే.

మూడు గదులు

పొలంలో మోటారు నడిపిన వాళ్లకు ఈ రహస్యంలో సగం ముందే తెలుసు. డెలివరీ పైపుకు చిల్లు పడితే నీళ్లు చిమ్ముతాయి, ఎవరికైనా కనిపిస్తుంది. సక్షన్ పైపుకు చిల్లు పడితే ఒక్క చుక్క కూడా బయటికి రాదు. పైపు గాలి లాగుతుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు రావు. టర్బో కారులో ఈ రెండు పైపులూ ఉన్నాయి. దానికి తోడు, కాసేపు సక్షన్‌గా, కాసేపు డెలివరీగా మారే మూడో భాగం కూడా ఉంది.

తక్కెడ పళ్లెం నుంచి టర్బో దాకా మొదటి గది. ఇక్కడ ఎప్పుడూ పీల్పే. చిల్లు పడితే గాలితో పాటు దుమ్ము కూడా దూరి టర్బో రెక్కలను అరగదీస్తుంది. టర్బో నుంచి థ్రాటిల్ దాకా రెండో గది. టర్బో పనిచేసేటప్పుడు ఇక్కడ ఒత్తిడి బయటికన్నా ఎక్కువ. చిల్లు పడితే గాలి బయటికి పోతుంది. ఐడ్లింగ్ బాగానే ఉంటుంది, బండి మాత్రం లాగదు. థ్రాటిల్ నుంచి సిలిండర్ల దాకా మూడో గది. ఐడ్లింగ్‌లో ఇది శూన్యం, యాక్సిలరేటర్ తొక్కితే వాతావరణం కన్నా సుమారు 0.7 బార్ ఎక్కువ ఒత్తిడి, అంటే బూస్ట్. ఇక్కడి గొట్టాలు ఒకే ప్రయాణంలో వందల సార్లు ముడుచుకుని ఉబ్బుతాయి.

మూడో గదిలో గొట్టం ఊడిపోయేంత పెద్ద లీకు ఉంటే ఒక వింత చూస్తాం. ఐడ్లింగ్‌లో లెక్కలేని గాలి లోపలికి వచ్చి మిశ్రమం పలచబడుతుంది. బూస్ట్‌లో తక్కెడ తూచి పెట్రోలు కేటాయించిన గాలి సిలిండర్ చేరకముందే బయటికి పారిపోయి మిశ్రమం చిక్కబడుతుంది, సైలెన్సర్ నల్లపొగ కక్కుతుంది. ఆకలి, అజీర్తి రెండూ ఒకే చిల్లు నుంచి వస్తాయి. ఈ సంగతి తెలియని వాళ్లు అవి రెండు వేరువేరు జబ్బులనుకుని రెండింటికీ మందు వేస్తారు.

మూడో గదిలో ఇంకో జాగా చూడాలి. బ్రేక్ బూస్టర్ గొట్టంలో, క్రాంక్‌కేస్ ఆవిరి గొట్టంలో గాలిని ఒకే వైపు పోనిచ్చే చిన్న వాల్వులుంటాయి. బావిలోని ఫుట్ వాల్వు పనే వీటిదీ. క్రాంక్‌కేస్ వాల్వు పాడైతే టర్బో ఒత్తిడి ఇంజిన్ అడుగు భాగంలోకి వెళ్లి ఆయిల్ సీళ్లను నెట్టేస్తుంది. ఆయిల్ కారుతోందని సీలు మారుస్తారు. వాల్వు అలాగే ఉంటుంది కనుక కొత్త సీలూ కారుతుంది.

వెతికే వరస

ఈ వెతుకులాటకు వరస ముఖ్యం. ఖర్చు లేని పరీక్షలు ముందు, పరికరాలు తర్వాత.

మొదటిది కన్నూ చెయ్యీ. ఇంజిన్ చల్లారాక ఒక్కో గొట్టాన్ని వేళ్ల మధ్య పెట్టి వంచి చూడాలి. మంచి రబ్బరు మెత్తగా వంగి మళ్లీ లేస్తుంది. 800 డిగ్రీలు దాటే పొగ మోసే టర్బో పక్కన ఏళ్ల తరబడి ఉడికిన రబ్బరు చెక్కలా బిగుసుకుంటుంది. ఆయిల్ ఆవిరి తగిలిన చోట ఉబ్బి బంకబంకగా మారుతుంది. పైనుంచి చూస్తే నల్లగా నిగనిగలాడే గొట్టం, వంపు దగ్గర కిందివైపుకు తిప్పి వంచగానే ఎండిన చెరువులా నెర్రెలు విచ్చుకుంటుంది. ఎక్కువ లీకులు ఆ కనపడని కిందివైపునే, క్లిప్పు అంచు దగ్గరే దొరుకుతాయి. టర్బో తర్వాతి గొట్టాల అతుకుల దగ్గర ఆయిల్ తడి, దానికి పట్టిన దుమ్ము కూడా ఆనవాలే.

రెండోది గేజి. మానిఫోల్డ్‌కు తగిలించి ఐడ్లింగ్‌లో చూడాలి. ముల్లు కదలకుండా తక్కువ అంకె మీద నిలిస్తే మానిఫోల్డ్ లీకును అనుమానించవచ్చు. నిప్పురవ్వ పడే వేళ తప్పినా ఇలాగే చూపిస్తుంది కాబట్టి ఈ ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పకూడదు. ఊరి ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. విశాఖపట్నం తీరాన 18 చూపించే ఇంజిన్, సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో 16 చూపిస్తే అది జబ్బు కాదు.

మూడోది చెవి. మీటరు పొడవు రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను తిరిగే భాగాలకు తగలకుండా ఒక్కో అతుకు దగ్గరికి తీసుకెళ్లాలి. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టే. చిల్లు దగ్గరికి రాగానే బుస ఒక్కసారిగా పెరుగుతుంది. తర్వాత ఒక్కో సన్నని గొట్టాన్ని మెత్తని పట్టకారుతో నొక్కి చూడాలి. ఏది నొక్కితే ఐడ్లింగ్ కుదుటపడిందో లీకు ఆ గొట్టంలోనో దాని అవతలి కొసనో ఉంది. ఇంకో తేలిక పరీక్ష ఆయిల్ మూత. గాలిని తూచే ఇలాంటి ఇంజిన్లు చాలావాటిలో, ఐడ్లింగ్‌లో ఆ మూత తీస్తే ఇంజిన్ తడబడాలి, ఆ దారినా లెక్కలేని గాలి వస్తుంది కనుక. మూత తీసినా తేడా లేకపోతే లీకు ఇప్పటికే ఎక్కడో పెద్దగా ఉందని అనుమానించాలి.

కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి ఇంజిన్ వేగం మారుతుందేమో చూసే అలవాటు చాలామందికి ఉంది. టర్బో కారు దగ్గర ఆ పని వద్దని గట్టిగా చెబుతున్నాను. ఎర్రగా కాలే లోహం మీద అంటుకునే ద్రవం చల్లడం ప్రాణాలతో చెలగాటం. సన్నగా నీళ్లు చిమ్మినా చిల్లు కాసేపు మూసుకుని ఐడ్లింగ్ మారుతుంది, ఆనవాలు దొరుకుతుంది. ఆ నీళ్లను కూడా వేడి పొగ గొట్టం మీద, కరెంటు వైర్ల మీద పడనివ్వకూడదు.

ఇవేవీ తేల్చకపోతే పొగ. ఇంజిన్ ఆపి, స్మోక్ మెషీన్ నుంచి చాలా తక్కువ ఒత్తిడితో తెల్లని పొగను మానిఫోల్డ్‌లోకి పంపుతారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఇక్కడ చిల్లు లేనిదే పొగ బయటికి రాదు. గాస్కెట్ అంచున, గొట్టం అడుగున సన్నని దారంలా లేస్తుంది.

టర్బోకు మాత్రమే కావాల్సిన పరీక్ష ఒకటి ఉంది. తూకం పళ్లెం తర్వాతి గొట్టానికి బిరడా బిగించి, దానికి ట్యూబ్ వాల్వు అమర్చి, ఇంజిన్ ఆపి ఉండగా గాలి ఎక్కిస్తారు. ఒత్తిడిని కారు మామూలు బూస్ట్‌ను మించనివ్వకూడదు. క్రాంక్‌కేస్‌కు వెళ్లే గొట్టాన్ని ముందే మూసేయాలి, లేకపోతే సీళ్లు దెబ్బతింటాయి. అప్పుడు ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు పూస్తే, పంక్చర్ షాపు తొట్టిలో ట్యూబ్ చెప్పినట్టే బుడగలు చెబుతాయి. శూన్యంలో మూసుకుపోయి ఒత్తిడిలో మాత్రమే తెరుచుకునే చీలికలు దీనికే దొరుకుతాయి. తెరిచి ఉన్న వాల్వుల గుండా సైలెన్సర్‌లోంచి కొంచెం గాలి రావడం మామూలే, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు.

తర్వాతి తరం కార్లలో కంప్యూటర్ తనంతట తాను పెట్రోలు పెంచి లోటు పూడ్చుకుంటుంది, ఎంత పెంచిందో స్కానర్‌లో కనిపిస్తుంది. ఐడ్లింగ్‌లో ఎక్కువ పెంచి, 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర మామూలుకు వస్తే అది గాలి లీకు ముద్ర. గాలిని తూచకుండా మానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి లెక్కకట్టే కార్లలో ఐడ్లింగ్ తడబడటానికి బదులు పెరిగిపోవచ్చు. ఏ కారు గాలిని ఎలా కొలుస్తుందో ముందు తెలుసుకోవాలనేది ఇందుకే.

మందు

లీకును వెతకకుండా మిక్చర్ స్క్రూ తిప్పి పెట్రోలు పెంచేవాళ్లున్నారు. ఐడ్లింగ్ వెంటనే కుదుటపడుతుంది, యజమాని సంతోషంగా వెళతాడు. కానీ ఆ పెంపు పరుగులో కూడా ఉంటుంది. పెట్రోలు తాగుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. తర్వాత ఎవరైనా చిల్లు కనిపెట్టి మూస్తే, చేసిన మంచి పని చెడ్డదై కూర్చుంటుంది. తక్కెడ పాసంగం మార్చి సరుకు లోటు దాచినట్టే ఇది. చిల్లు మూసిన తర్వాతే మిక్చర్‌ను ముట్టుకోవాలి.

గొట్టం మార్చేటప్పుడు ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. ఒకే వేడిలో ఒకే వయసు గడిపిన గొట్టాలన్నీ దాదాపు ఒకే దశలో ఉంటాయి. సిలికాన్ గొట్టాలు వేడికి బాగా తట్టుకుంటాయి గాని, మామూలు సిలికాన్‌కు ఆయిల్, పెట్రోలు పడవు. ఆ చోట వాటికి తగిన గొట్టమే వేయాలి. క్లిప్పును రబ్బరు తెగేదాకా బిగించకూడదు.

పాత యంత్రాలంటే నాకు గౌరవం. కె-జెట్రానిక్ గాలిని తూచడానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఒక పళ్లెం, ఒక కమ్మి, ఒక కడ్డీ చాలు. అది తప్పు చెబుతోందంటే చాలాసార్లు దానికి అందిన లెక్కే తప్పు. మీ ఇంట్లో గానీ మీ గ్యారేజీలో గానీ ఇలాంటి బండి ఉంటే, విడిభాగం కొనే ముందు గాలి దారిని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కసారి వేళ్లతో తడిమి రండి. చిల్లు మూసిన రోజున గేజి తగిలించండి. ఐడ్లింగ్‌లో ముల్లు మీ ఊరి ఎత్తుకు తగిన అంకె మీద వణక్కుండా నిలబడాలి. నిలబడితే పని అయినట్టు.